తిరుపతిలో కనిపించింది పెద్దపులా, చిరుతా, బావురుపిల్లా?

క్లుప్తంగా: తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో "పులి కనిపించింది" అనే వార్తల్లో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. శేషాచలంలో ఎప్పటి నుంచో ఉన్న చిరుత ఊరి అంచుకు రావడం ఒకటి. నల్లమల వైపు నుంచి పెద్దపులి నడిచి వచ్చే అవకాశం ఇంకొకటి. చీకట్లో బావురుపిల్లి (అడవిపిల్లి) లాంటి చిన్న జంతువును పెద్దదిగా పొరబడటం మూడోది. వీటికి వేయాల్సిన ప్రశ్నలు వేరు, తీసుకోవాల్సిన జాగ్రత్తలూ వేరు.

అర్ధరాత్రి దాటాక కాలనీలో చివరి ఇంటి సీసీ కెమెరా ముందు నుంచి ఒక జంతువు గోడ వెంబడి నడిచి వెళుతుంది. మొత్తం ఏడెనిమిది సెకన్ల వీడియో. రంగులు ఉండవు, అంతా బూడిద రంగే. కళ్లు మాత్రం రెండు దీపాల్లా మెరుస్తాయి. తెల్లారేసరికి అది వాట్సాప్ గ్రూపుల్లోకి, మధ్యాహ్నానికి యూట్యూబ్ చానళ్లలోకి చేరుతుంది. సాయంత్రానికి పిల్లల్ని ట్యూషన్‌కు పంపాలా వద్దా అన్న టెన్షన్ మొదలవుతుంది. ఎస్వీ యూనివర్సిటీ ప్రాంగణం, అలిపిరి పరిసరాలు, చంద్రగిరి వైపు పల్లెలు, ఎక్కడైనా కొన్నేళ్లుగా ఇదే వరస.

ప్రతిసారీ జనం అడిగే మొదటి మాట "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అని. ఆ జంతువు ఇక్కడిది కాదన్న ఊహ ఆ ప్రశ్నలోనే దాగి ఉంది. కొన్ని దేశాల్లో ఆ ఊహ సరైనదే. తిరుపతిలో మాత్రం చాలాసార్లు తప్పు.

## మాటల్లో కలిసిపోయే జంతువులు

గందరగోళం సగం మాటలోనే ఉంది. రాయలసీమ పల్లెల్లో "పులి" అంటే చారలున్న పెద్దపులి కావచ్చు, మచ్చలున్న చిరుత కావచ్చు. కళ్లారా చూసిన మనిషికి తేడా తెలుసు. మాట నాలుగు నోళ్లు మారేసరికి ఆ తేడా పోతుంది. "తోటలో పులి దూడను పట్టింది" అని రైతు చెప్పేది చిరుత గురించే అయినా, పట్నంలో వినేవాళ్ల కళ్ల ముందు నిలిచేది చారల పులే.

తిరుమలకు దేశం నలుమూలల నుంచీ భక్తులు వస్తారు కాబట్టి ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. హిందీలో చిరుతకు తేందువా అనే మాట ఉన్నా, వాడుకలో చాలామంది చీతా అనేస్తారు. అదే చీటాగా మారి వార్తల్లోకి ఎక్కుతుంది. చీటా వేరే జంతువు. సన్నటి నడుము, కళ్ల కింద నుంచి నోటి దాకా కన్నీటి చారల్లాంటి నల్లటి గీతలు, ఒంటి నిండా విడివిడి చుక్కలు దాని గుర్తులు. చిరుతకు ఆ గీతలు ఉండవు, మచ్చలు గులాబీ రేకుల్లా గుంపులుగా ఉంటాయి. ఇక సివంగి అనే మాటను కొందరు ఆడసింహానికి, ఇంకొందరు దుమ్ములగొండికి వాడతారు. మాటలు ఇలా ఉన్నప్పుడు, ఫోన్‌లో విన్న కబురును బట్టి జంతువు పేరు ఖాయం చేయడం అటవీ సిబ్బందికి కూడా కష్టమే.

"నల్లచిరుత" అనే పుకారుకూ వివరణ ఉంది. నల్లచిరుత వేరే జాతి కాదు. చర్మంలో నల్లరంగు ఎక్కువ కావడం వల్ల మచ్చలు కనిపించకుండా పోయిన మామూలు చిరుతే. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ జన్యువు వస్తేనే అలాంటి పిల్ల పుడుతుంది. ఎండు అడవుల్లో అది బాగా అరుదు. సంధ్యవేళ వెలుతురుకు ఎదురుగా నిలబడితే మాత్రం ఏ జంతువైనా నల్లగానే కనిపిస్తుంది.

## శేషాచలం చిరుతకు పుట్టిల్లే

దేశంలో 2022 లెక్కల ప్రకారం చిరుతల అంచనా సంఖ్య 13,874. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 569. 2018లో రాష్ట్రం అంచనా 492. శేషాచలం కొండలు చిరుతకు అనువైన చోటు. బండరాళ్లు, గుహలు, ముళ్లపొదలు, వాగులు, దుప్పులు, అడవిపందులు, అన్నీ ఉన్నాయి. 1989లో ఇక్కడ శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు ఏర్పడింది, 2010లో శేషాచలానికి బయోస్ఫియర్ రిజర్వ్ హోదా వచ్చింది. ఈ కొండల అంచు ఎక్కడో దూరాన లేదు. అలిపిరి, కపిలతీర్థం, యూనివర్సిటీ ప్రాంగణాలు, జూ పార్కు, అన్నీ కొండ పాదాన్ని ఆనుకునే ఉన్నాయి. ఊరు పెరిగినకొద్దీ మధ్యలో ఉన్న చిట్టడవి, బీడు భూములు తగ్గాయి. ఒకప్పుడు అడవికీ ఇంటికీ మధ్య మేకలు మేసే ఖాళీ ఉండేది. ఇప్పుడు అక్కడ ప్రహరీగోడ ఉంది. ఆ గోడకు ఇవతల చెత్తకుండీ ఉంది.

ఆ చెత్తకుండీతోనే అసలు కథ మొదలవుతుంది. మిగిలిన అన్నం, మాంసం దుకాణాల వ్యర్థాలు పడేసిన చోట కుక్కలు, పందులు చేరతాయి. అడవిలో దుప్పిని పట్టాలంటే చిరుత ఎంతో ఓపిగ్గా పొంచి ఉండాలి, చాలాసార్లు వట్టి కడుపుతో తిరిగి పోవాలి. ఊరికుక్కను పట్టడానికి అంత శ్రమ లేదు. మహారాష్ట్రలోని అకోలే ప్రాంతంలో పరిశోధకులు కెమెరాలు పెట్టి చూసినప్పుడు, అడవి అన్నదే లేని చెరకు పొలాల మధ్య చిరుతలు కాపురం ఉంటున్నట్టు తేలింది. వాటి తిండిలో పెద్ద భాగం కుక్కలే. అక్కడి జనానికి తమ పొలాల్లో అన్ని చిరుతలు ఉన్నాయని కెమెరా చెప్పేదాకా తెలియదు. చిత్తూరు జిల్లాలోనూ చెరకు తోటలు, మామిడి తోటలు కొండల దాకా పాకి ఉన్నాయి కాబట్టి ఈ పోలిక గుర్తుంచుకోదగ్గది. కనిపించడం కొత్తే కానీ ఉండటం కొత్త కాదు.

## మెట్ల దారిలో జరిగినది

2023 జూన్‌లో అలిపిరి నడకదారిలో మూడేళ్ల బాలుడిని చిరుత నోట కరచుకుపోయింది. జనం వెంటపడటంతో వదిలేసింది, బిడ్డ బతికాడు. అదే ఏడాది ఆగస్టులో, లక్ష్మీనరసింహస్వామి ఆలయం దగ్గర ఆరేళ్ల పాప ప్రాణం పోయింది. కొండకు మొక్కు తీర్చుకోవడానికి బయలుదేరిన కుటుంబానికి ఎదురైన ఆ దుఃఖం రాష్ట్రాన్నే కుదిపింది. ఎలుగుబంటా, చిరుతా అన్న చర్చ కూడా మొదట నడిచింది. తర్వాత బోనులు, కెమెరాలు పెట్టారు. సెప్టెంబరు నాటికి ఆరు చిరుతలు బోనుల్లో పడ్డాయి. పన్నెండేళ్ల లోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు గంటల తర్వాత నడకదారిలో పంపకూడదని టీటీడీ నియమం పెట్టింది. భక్తులకు చేతికర్రలు ఇచ్చారు, గుంపులుగా నడవమన్నారు.

చేతికర్రల గురించి అప్పట్లో చాలామంది వెటకారంగా మాట్లాడారు. ఆ నియమాల వెనకున్న లెక్క చూస్తే వెటకారం నిలవదు. చిరుత తన బరువును, ఎదుటి జంతువు ఎత్తును బేరీజు వేసుకునే వేటగాడు. నిటారుగా నడిచే పెద్దమనిషి దాని వేటల జాబితాలో మామూలుగా ఉండడు. చిన్నపిల్లలు, కింద కూర్చున్నవాళ్లు, వంగి పని చేసుకునేవాళ్లు దాని కంటికి మేకంత ఎత్తులో కనబడతారు. ఆ రెండు ఘటనల్లోనూ దాడికి గురైనది పిల్లలే. దారిలో తల్లిదండ్రులు అలసిపోయి వెనకబడటం, పిల్లలు హుషారుగా నాలుగు మెట్లు ముందుకు పరిగెత్తడం అందరికీ తెలిసిన దృశ్యమే. ఆ నాలుగు మెట్ల దూరమే ప్రమాదం. కర్ర చిరుతను కొట్టడానికి కాదు. మెట్టు మీద కర్ర టకటకమంటుంటే చిరుతకు ముందే తెలుస్తుంది, పక్కకు తప్పుకుంటుంది.

దారి పొడవునా దుప్పులకు, కోతులకు తిండి పెట్టడం దీనికి తోడైంది. 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు ఉన్న దారిలో పండ్ల తొక్కలు, మిగిలిన టిఫిన్లు పడేస్తే, వాటి కోసం దుప్పులు, కోతులు, కుక్కలు వస్తాయి. వాటి వెనకే చిరుత వస్తుంది. జంతువులకు తిండి పెట్టడాన్ని ఆపడానికి కారణం ఇదే.

## బ్రిటన్‌లో వెతికినది, దొరికినది

"లేని చోట కనిపించే పులి" అనే మాటకు సరిగ్గా సరిపోయేది బ్రిటన్ అనుభవం. అక్కడ పెద్ద పిల్లి జాతి జంతువులు అడవిలో లేవు. అయినా 1960ల నుంచి పూమాను (అమెరికా ఖండాల్లో ఉండే పెద్ద పిల్లి జాతి జంతువు) చూశాం, నల్లచిరుతను చూశాం అన్న కబుర్లు వేల సంఖ్యలో వచ్చాయి. 1976 వరకు అక్కడ అలాంటి జంతువుల్ని ఇంట్లో పెంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. ఆ ఏడాది చట్టం బిగించడంతో కొందరు యజమానులు ఖర్చు భరించలేక వాటిని బయట వదిలేశారన్నది అక్కడ బాగా వినిపించే వాదన. అది పూర్తిగా గాలిమాట కాదు. 1980లో స్కాట్లాండ్‌లో ఒక రైతు పెట్టిన బోనులో నిజంగానే పూమా పడింది. అది మనుషులకు బాగా మచ్చికైన పూమా.

మరోవైపు, బాడ్మిన్ అనే పచ్చికబయళ్ల ప్రాంతంలో ఏదో క్రూరమృగం తిరుగుతోందని గోల పెరిగి, 1995లో ప్రభుత్వం అధికారికంగా విచారణ జరిపించింది. నిర్ధారించగల సాక్ష్యం ఏదీ దొరకలేదు. విచారణాధికారులు ఒక తేలికైన పని చేశారు. ఫొటోలు తీసిన చోట్లకే వెళ్లి, జంతువు నిలబడినట్టు చెప్పిన చోట కొలత కర్ర నిలబెట్టారు. భయంకరంగా కనిపించిన జంతువు చాలావరకు ఇంటి పిల్లి ఎత్తే ఉందని తేలింది. నివేదిక వచ్చిన కొద్ది రోజులకే అక్కడి నదిలో ఒక బాలుడికి పుర్రె దొరికింది. అది నిజంగానే చిరుత పుర్రె. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం పరీక్షలో దాని లోపల ఉష్ణదేశపు బొద్దింక గుడ్ల తిత్తి బయటపడింది. అంటే ఆ చిరుత చచ్చింది బ్రిటన్‌లో కాదు. చర్మంతో చేసిన తివాచీలో భాగంగా ఆ తల అక్కడికి చేరింది. 2023 జులైలో బెర్లిన్ శివార్లలో ఆడసింహం తిరుగుతోందని ఒక వీడియో వచ్చి, పోలీసులు పెద్ద ఎత్తున గాలించారు. మర్నాటికి నిపుణులు అది అడవిపంది అని తేల్చారు.

ఈ ఉదంతాలను తిరుపతికి నేరుగా అతికించకూడదు. బ్రిటన్‌లో వందసార్లు "అది పిల్లే" అంటే దాదాపు నష్టం లేదు. తిరుపతిలో ఒక్కసారి తప్పుగా "అది పిల్లే" అంటే మర్నాడు ఒక బిడ్డకు ప్రమాదం. అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది అనుమానాన్ని కాదు, కొలత కర్రను.

జూ గురించిన పుకారుకూ ఇక్కడే సమాధానం ఉంది. తిరుపతి జూ కొండ పాదానే ఉంది, బోనులో పడ్డ చిరుతల్ని అక్కడికే తరలిస్తారు. అందుకే "జూ నుంచి తప్పించుకుందేమో" అని చాలామందికి అనిపిస్తుంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి జంతువుల్ని ఇంట్లో పెంచుకోవడం నేరం. కళ్లెదుటే చిరుతల అడవి ఉండగా, బ్రిటన్ తరహా వివరణ ఇక్కడ వెతకనవసరం లేదు.

## పెద్దపులి ఇక్కడికి నడిచి రాగలదా?

రాగలదు. మగపులి రెండేళ్ల వయసు వచ్చాక తల్లిని వదిలి సొంత చోటు వెతుక్కుంటూ బయలుదేరుతుంది. మహారాష్ట్రలోని టిపేశ్వర్ అభయారణ్యం నుంచి బయలుదేరిన ఒక పులి మెడకు రేడియో కాలర్ (జాడ తెలిపే పట్టీ) ఉండటంతో దాని నడక మొత్తం నమోదైంది. 2019–20లో అది మహారాష్ట్ర, తెలంగాణ జిల్లాల మీదుగా దాదాపు 3,000 కిలోమీటర్లు తిరిగింది. పొలాలు, రోడ్లు దాటింది. 2022 మేలో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో పెద్దపులి ప్రత్యక్షమైనప్పుడు మొదట ఎవరూ నమ్మలేదు. గేదెలు చచ్చాయి, పాదముద్రలు దొరికాయి, ఆ తర్వాత కెమెరాకు పులే చిక్కింది. వారాల తరబడి తిరిగి అనకాపల్లి వైపు వెళ్లిపోయింది.

తిరుపతికి ఉత్తరాన నల్లమలలో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది. అక్కడి నుంచి లంకమల, వెలిగొండ కొండల మీదుగా శేషాచలం దాకా అడవి తెగుతూ అతుకుతూ సాగుతుంది. అటవీ శాఖ ఈ దారిని పులుల కారిడార్‌గా చూడటానికి కారణం అదే. మధ్యలో హైవేలు, రైలు పట్టాలు, కాలువలు, ఊళ్లు ఉన్నాయి. అవి పులిని ఆపొచ్చు, లేదా రాత్రి వేళ రోడ్డు మీదికి తేవచ్చు. నల్లమలలో పులులు పెరిగితే దక్షిణాన కనిపించే అవకాశమూ పెరుగుతుంది. కాబట్టి "శేషాచలంలో పెద్దపులి" అన్న కబురు వస్తే కొట్టిపారేయకూడదు, అలాగని ఫొటో చూడగానే నమ్మనూ కూడదు.

బయటి జంతువు వచ్చి స్థిరపడటం ఈ జిల్లాకు తెలియని విషయం కాదు. దాదాపు రెండు వందల ఏళ్లు ఏనుగులు లేని చిత్తూరు జిల్లాకు 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి గుంపులు వచ్చాయి. మొదట చూసిన పల్లెలకు అది వింతే. పలమనేరు, కుప్పం వైపు 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఇప్పుడు అక్కడి రైతులకు ఏనుగు వింత కాదు, రాత్రి కాపలా.

## చిత్తూరు జిల్లాలో చీటా

ఈ విషయంలో జిల్లాకు ఒక అరుదైన చరిత్ర ఉంది. భారతదేశంలో చివరి చీటాలుగా చెప్పే మూడింటిని 1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కొరియా సంస్థానంలో కాల్చారు. 1952లో దేశంలో చీటా అంతరించిందని ప్రకటించారు. అదే 1952లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో కిర్క్‌పాట్రిక్ అనే ఆయన, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని చిత్తూరు జిల్లాలో చీటా కనిపించినట్టు నమోదు చేశారు. దేశంలో చీటా చివరి ఆనవాళ్ల గురించి రాసేవాళ్లు ఇప్పటికీ ఆ నమోదును ప్రస్తావిస్తారు. ఎముక, చర్మం లాంటి ఆధారం లేని చూపు అది. అయినా ప్రకృతిని గమనించడం తెలిసిన మనిషి వెంటనే రాసి అచ్చు వేయించినందువల్ల డెబ్బై ఏళ్ల తర్వాత కూడా చర్చకు నిలబడింది. అదే ఏడాది ఇంకెందరో చూసి ఉన్నా, రాయనివి మిగలలేదు.

ఊరివాళ్ల మాటను తేలిగ్గా తీసేయకూడదనడానికి కడప జిల్లాలోని లంకమల కొండలే ఇంకో ఆధారం. కలివికోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో అది అక్కడ మళ్లీ దొరికింది. బొమ్మలు చూపించి అడిగితే గుర్తుపట్టింది స్థానికులే, రాత్రి టార్చిలైటుతో పట్టి తెచ్చిందీ స్థానికుడే.

## మట్టిలో అడుగు

మరి కనిపించినదేమిటో తేలేదెలా? వీడియో కంటే నేల ఎక్కువ చెబుతుంది. పొలం గట్టు మీద తెల్లవారుజామున తడి మట్టిలో పడిన అడుగును దగ్గరగా చూస్తే ముందు గమనించాల్సింది గోళ్లను. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది, కాబట్టి నాలుగు వేళ్ల గుర్తుల ముందు గీతలు ఉండవు. కుక్కకు, దుమ్ములగొండికి గోళ్ల గుర్తులు పడతాయి. చీటాకు కూడా పడతాయి. వెనకున్న మెత్త అంచు చిరుత అడుగులో మూడు గుండ్రటి తమ్మెలుగా ఉంటుంది. వెడల్పు ఏడు నుంచి తొమ్మిది సెంటీమీటర్లు ఉంటే చిరుత, పన్నెండు దాటితే పెద్దపులి అనుకోవచ్చు. చిరుత అడుగు కంటే బాగా చిన్నదైతే బావురుపిల్లి కావచ్చు. అయిదు వేళ్లు కనబడితే పునుగుపిల్లి కావచ్చు, శ్రీవారి అభిషేకానికి వాడే తైలాన్ని ఇచ్చేది అదే. బురదలో అడుగు జారి పెద్దదవుతుంది కాబట్టి గట్టి నేల మీది అడుగునే కొలవాలి.

ఈ సాక్ష్యం గంటలోనే పాడైపోతుంది. కబురు తెలిసి వచ్చిన జనం చెప్పుల కింద అది నలిగిపోతుంది. అడుగు మీద ఒక బొచ్చె బోర్లించి, పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటో తీసి ఉంచితే, అటవీ సిబ్బంది వచ్చి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీసుకోగలరు. సీసీ కెమెరా విషయంలోనూ బాడ్మిన్ పద్ధతే. అదే కెమెరా ముందు, జంతువు నడిచిన చోటే ఒక బిందె పెట్టి చూస్తే ఎత్తు తెలుస్తుంది. చిరుత భుజం దగ్గర అరవై, డెబ్బై సెంటీమీటర్లు ఉంటుంది, తోక పొడవుగా ఉండి చివర పైకి వంగి ఉంటుంది. బావురుపిల్లి తోక పొట్టి. వెంట్రుకలు, పెంట దొరికితే హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ లాంటి ప్రయోగశాలలు డీఎన్ఏతో జాతి తేల్చగలవు. కెమెరా ట్రాప్‌లో (జంతువు కదలికకు తనంతట తానే ఫొటో తీసే కెమెరా) పడిన మచ్చలైతే ఒక్కో చిరుతకూ వేలిముద్రల్లా వేరుగా ఉంటాయి.

పల్లెలో ఇది డబ్బు విషయం కూడా. మేక చచ్చినప్పుడు పరిహారం రావాలంటే చంపింది వన్యమృగమేనని తేలాలి. చిరుత గొంతు పట్టి చంపుతుంది, కళేబరాన్ని ఈడ్చుకుపోతుంది. ఊరికుక్కలు వెనక కాళ్లు, పొట్ట పీకుతాయి. కళేబరాన్ని కదిపేసి, చుట్టూ తొక్కేశాక ఆ తేడా చెప్పడం ఎవరి వల్లా కాదు. నష్టపోయేది పేద మేకల కాపరి.

## పట్టి వేరే అడవిలో వదిలితే

చిరుత కనిపించిన ప్రతిచోటా "బోను పెట్టండి, పట్టుకెళ్లండి" అన్న డిమాండ్ వస్తుంది. భయపడిన తల్లిదండ్రులు అలా అడగడం సహజం. మనిషి మీద దాడి చేసిన చిరుతను పట్టక తప్పదు. కానీ కనిపించిన ప్రతి చిరుతనూ పట్టి దూరాన వదిలితే ఏం జరుగుతుందో మహారాష్ట్రలోని జున్నర్ చూపించింది. అక్కడ చిరుతల్ని పట్టి వేరేచోట వదిలే కార్యక్రమానికి ముందు మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున నాలుగు. అది మొదలయ్యాక 2001–2003 మధ్య ఏడాదికి పదిహేడుకు పెరిగాయి. కొత్త చోట దారీ తెన్నూ తెలియని చిరుత ఒత్తిడిలో ఉంటుంది, తన పాత చోటు వెతుక్కుంటూ ఊళ్ల మీదుగా నడుస్తుంది. ఖాళీ అయిన పాత చోటుకు ఇంకో చిరుత, తరచుగా అనుభవం లేని కుర్ర చిరుత, వచ్చి చేరుతుంది.

అంటే బోనులో ఎన్ని పడినా, తిండి దొరికే అంచు అలాగే ఉన్నంతకాలం ఆ చోటు ఖాళీగా ఉండదు. శేషాచలం పాదాన మార్చగలిగింది ఆ అంచునే. కొండ వైపు గోడల దగ్గర చెత్త లేకుండా చూడటం, కుక్కల సంఖ్య తగ్గించడం, మేకల దొడ్డికి పైకప్పు, గట్టి తలుపు వేయడం, హాస్టళ్ల వెనక పొదలు కొట్టి లైట్లు పెట్టడం, నడకదారిలో చీకటి పడే వేళ పిల్లల చెయ్యి వదలకుండా నడవడం. ఈ పనుల్లో ఏ ఒక్కదానికీ, ఆ రాత్రి కెమెరా ముందు నుంచి నడిచి వెళ్లింది చిరుతా, బావురుపిల్లా అన్నది తేలేదాకా ఆగనక్కర్లేదు.